ముందు ఆనవాలు, తర్వాత అంగడి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా వసారాలోనో, రేకుల కొట్టంలోనో పట్ట కప్పిన పాత మోటారుసైకిల్ ఒకటి కంటబడుతుంది. నాయన కొన్న బుల్లెట్టో, పెద్దనాయన పాలక్యాన్లు కట్టి తిప్పిన రాజ్‌దూతో, చిన్నాయన కాలేజీకి నడిపిన ఆరెక్స్ హండ్రెడో అయివుంటుంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ఇంట్లో కుర్రవాడికి ఒకరోజు బుద్ధి పుడుతుంది. బండి కడిగి, బ్యాటరీ మార్చి, కొత్త ప్లగ్గు వేసి కిక్కు కొడతాడు. ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోతుంది. షెడ్డుకు తోసుకుపోతే ‘కార్బొరేటర్ పోయింది’ అని తీర్పు వస్తుంది. ఖర్చు అక్కడినుంచి మొదలవుతుంది.

కొత్త బళ్లకు ఈ బాధ లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారుసైకిళ్లలో కార్బొరేటర్ దాదాపుగా పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు కార్బొరేటర్ విప్పే అవకాశం ఏటికేడు తగ్గుతోంది. ‘మెకానిక్ చూసుకుంటాడులే’ అనే ధీమా ఇక చెల్లదు. మీ బండి సంగతి మీకే తెలియాలి.

ఈ అధ్యాయం చెప్పేది ఒకే మాట. పార్టు వెతికే ముందు బండిని గుర్తుపట్టండి. జెట్టు, అంటే కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క, కొనే ముందు కార్బొరేటర్‌ను గుర్తుపట్టండి. ఈ వరస తప్పినవాళ్లే ఒకే పార్టును పదేపదే కొంటుంటారు.

అడిగిన తీరును బట్టే దొరికే పార్టు

స్పేరు పార్టుల అంగట్లో సాధారణంగా జరిగే మాటలు ఇవి.

“అన్నా, బుల్లెట్ కార్బొరేటర్‌కు జెట్టు ఇయ్యి.”

“ఏ బుల్లెట్టప్పా?”

“పాతదన్నా. మా నాయన కొన్నది.”

“ఆమాలా, మిక్‌కార్బా?”

“ఏమోన్నా... 350.”

“ఇది పట్టకపో, సరిపోతాది.”

అంగడాయన మోసం చేయలేదు. తెలియని బండికి తెలియని జెట్టు అడిగితే తన దగ్గర ఉన్నదాంట్లో దగ్గరిది ఇచ్చాడు. కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకుని దర్జీని తిట్టి ఏం లాభం?

అదే మాట ఇంకో తీరుగా అడిగి చూడండి. “అన్నా, మిక్‌కార్బ్ వీఎం 24కు పైలట్ జెట్టు కావాల. పాతదాని మీద 25 అని ఉంది. ఇదిగో, చూడు.” ఇప్పుడు అంగడాయన డబ్బా తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, మరపొడుగు చూసి ఇస్తాడు. లేకపోతే ‘లేదు’ అంటాడు. ఆ ‘లేదు’ కూడా లాభమే. తప్పు పార్టు కొని, అది బిగించడానికి కూలి ఇచ్చి, మళ్లీ విప్పడానికి ఇంకోసారి ఇచ్చే ఖర్చు తప్పుతుంది.

సరిగ్గా అడగాలంటే చేతిలో ఆనవాళ్లు ఉండాలి. వాటిని ఎట్లా సంపాదించాలో చూద్దాం.

మొదటి మెట్టు: బండిని గుర్తుపట్టడం

బండి గురించి మూడు సాక్ష్యాలు దొరుకుతాయి: కాగితం, గుద్దిన నంబర్లు, ఇనుము. మూడూ ఒకే మాట చెప్తే మంచిది. చెప్పకపోతే చివరి మాట ఇనుముదే.

*కాగితం.* సీ బుక్కులో కంపెనీ పేరు, మోడల్, సీసీ, ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి. కానీ రిజిస్ట్రేషన్ ఏడాదిని తయారైన ఏడాదిగా పట్టుకోకండి. 1989 జూలైలో కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాక మన జిల్లా బళ్లకు ఏపీ 04 వచ్చింది. అంతకుముందు మూడు అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉండేవి. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వచ్చింది. మిలటరీ వాడి వేలం వేసిన బుల్లెట్ ఏ పదేళ్ల తర్వాతనో బయట రిజిస్టరై ఉండొచ్చు. నంబరు ప్లేటు కొత్తగా, ఇంజను దానికంటే బాగా పాతగా ఉండటంలో వింతేమీ లేదు.

*గుద్దిన నంబర్లు.* ఇంజను నంబరు క్రాంక్‌కేస్ మీద, చాసిస్ నంబరు ఎక్కువగా హ్యాండిల్ తిరిగే చోట ఫ్రేము మీద ఉంటాయి. దశాబ్దాల మడ్డి కింద అవి కనబడవు. గుడ్డను కిరోసిన్‌లో ముంచి తుడవండి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పల్చటి తెల్లకాగితం పెట్టి పైన పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు కాగితం మీదికి దిగుతాయి. ఆర్టీవో ఆఫీసులో పెన్సిల్ ప్రింటు తీసేది ఇట్లాగే. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో ఉన్నాయా? చుట్టూ ఆకురాయి పెట్టి అరగదీసిన జాడ ఉందా? నంబరు కాగితంతో కలవకపోతే అక్కడే ఆగండి. ముందు ఆ లెక్క తేలాలి. తేలేవరకు ఒక్క పార్టు కూడా కొనొద్దు.

*ఇనుము.* ట్యాంకు, బ్యాడ్జి, సైడ్ బాక్సులు, సైలెన్సరు చూసి మోడల్ చెప్పకండి. అవన్నీ ఒక పూటలో మార్చేయగలిగినవి. మార్చడం కష్టమైనవాటిని చూడండి.

బుల్లెట్ అయితే మొదట గేర్‌బాక్సు చూడండి. పాత బుల్లెట్లలో ఇంజను వేరు, వెనక బోల్టులతో బిగించిన గేర్‌బాక్సు వేరు. 2009 ప్రాంతం నుంచి వచ్చిన కొత్తరకం ఇంజన్లలో రెండూ ఒకే కేసులో ఉంటాయి. తర్వాత ఒక చిన్న అయస్కాంతం తీసుకుని సిలిండరు రెక్కలకు తాకించండి. గట్టిగా పట్టుకుంటే పోతఇనుము బోరు, అంటే పాతరకం. జారిపోతే అల్యూమినియం, అంటే తర్వాతి కాలపు ఇంజను. హెడ్డుకు తాకించి చూడకండి, అది పాతవాటిలోనూ అల్యూమినియమే. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటే పాతరకం అనడానికి ఇంకో ఆధారం. ఇక ఆ ఇంజనుకు కార్బొరేటరే లేదనుకోండి, కంగారు పడొద్దు. అది డీజిల్ బుల్లెట్, టారస్ కావచ్చు. ఈ అధ్యాయంతో దానికి పనిలేదు.

జావా, యెజ్డీలను గుర్తుపట్టడం సులభం. కిక్కు రాడ్డు, గేరు రాడ్డు రెండూ ఒక్కటే. ముందుకు తిప్పితే గేరు, పైకి మడిస్తే కిక్కు. 250 బండికి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో ఉత్పత్తి మొదలుపెట్టి 1996లో మూతపడింది. మొదట్లో జావా పేరు, 1970ల నుంచి యెజ్డీ పేరు. రెండింటి ఇంజన్లూ ఒకే వంశానివి కాబట్టి జావా ట్యాంకు కింద యెజ్డీ ఇంజను కనబడటం మామూలే.

రాజ్‌దూత్ 175 పోలెండు డిజైను. అక్కడి ఎస్‌హెచ్‌ఎల్ బండి ఆధారంగా ఎస్కార్ట్స్ కంపెనీ 1960ల తొలినాళ్లలో ఇక్కడ తయారీ మొదలుపెట్టింది. చిన్న చక్రాల రాజ్‌దూత్ జీటీఎస్ 1973 నాటి ‘బాబీ’ సినిమాతో పేరు తెచ్చుకుంది. పాత మెకానిక్‌లు దాన్ని ఇప్పటికీ బాబీ అనే అంటారు.

ఇవాళ ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది యమహా ఆరెక్స్ 100ని. 1985 నుంచి 1996 వరకు వచ్చిన ఈ బండికి గిరాకీ పెరిగిన కొద్దీ ఆరెక్స్ 135 బోరు ఎక్కించినవి, ఏకంగా 135నే 100గా మార్చినవి సంతలో తిరుగుతున్నాయి. పైన రంగు చూసి ఏమీ తేల్చలేరు. హెడ్డు విప్పినప్పుడు వెర్నియర్ పెట్టి బోరు కొలవండి. 50 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటే 100, 58 దగ్గర ఉంటే 135. రెండింటికీ స్ట్రోకు 50 మిల్లీమీటర్లే. సీ బుక్కు 98 సీసీ అని చెప్తున్నా పైన 132 సీసీ బోరు కూర్చుని ఉంటే, 100కు సరిపోయే జెట్టు దానికి పెట్రోలు చాలినంత ఇవ్వదు.

కొలత పెట్టేటప్పుడు పనికొచ్చే అంకెలు ఇవి. బోరు మొదట, స్ట్రోకు తర్వాత. రీబోరింగు చేయించి ఉంటే బోరు కొద్దిగా పెరిగి ఉంటుంది.

– బుల్లెట్ 350: 70, 90 మిల్లీమీటర్లు
– బుల్లెట్ 500: 84, 90 మిల్లీమీటర్లు
– జావా, యెజ్డీ 250: 65, 75 మిల్లీమీటర్లు
– ఆరెక్స్ 100: 50, 50 మిల్లీమీటర్లు

రెండో మెట్టు: కార్బొరేటర్‌ను గుర్తుపట్టడం

బండి మోడల్ తెలిసింది కదా అని అంగడికి బయల్దేరొద్దు. ముప్ఫై నలభై ఏళ్లు తిరిగిన బండి మీద దాని అసలు కార్బొరేటరే ఉందని ఎవరు చెప్పగలరు? ఎప్పుడో ఎవరో షెడ్డులో చేతికి దొరికింది బిగించి ఉండొచ్చు. కార్బొరేటర్‌కు సొంత పేరు, సొంత నంబరు ఉంటాయి. వాటిని దాని ఒంటి మీదే చదవాలి.

పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ దించి, వసారాలో దినపత్రిక పరిచి పెట్టండి. దగ్గర్లో పొయ్యి, బీడీ, సిగరెట్టు ఉండకూడదు. మడ్డి తుడిచాక పక్కల మీద ఉబ్బెత్తు అక్షరాలు బయటపడతాయి.

ఆమాల్ అని ఉంటే ఇంగ్లండు వంశం. 1950ల మధ్యలో వచ్చిన మోనోబ్లాక్ రకంలో ఫ్లోట్ గది కార్బొరేటర్ ఒంట్లోనే కలిసి ఉంటుంది, మూత పక్కన ఉంటుంది. అంతకంటే పాతవాటిలో ఫ్లోట్ గది విడిగా వేలాడుతుంది. మోనోబ్లాక్ మీద 376 లాంటి అంకె, గీత, మరో అంకె కనబడతాయి. మొదటిది కార్బొరేటర్ తరగతి, రెండోది అది ఏ బండికి ఏ జెట్లతో వచ్చిందో చెప్పే అంకె. రెండూ రాసుకోండి.

మిక్‌కార్బ్ అని ఉంటే జపాను మికునీ వంశం. ఫ్లోట్ గిన్నె కింద ఉంటుంది, స్క్రూలు విప్పితే ఊడి వస్తుంది. వీఎం 24 అంటే గాలి పోయే దారి 24 మిల్లీమీటర్లు. 350 బుల్లెట్‌కు ఇదే, 500కు వీఎం 28.

జికోవ్ అని ఉంటే చెక్ వంశం, జావాల మీద ఉండేది. 2924 లాంటి నంబరులో చివరి రెండు అంకెలు గాలి దారి కొలత. పాత జావాలో కార్బొరేటర్ రేకుమూత లోపల దాక్కుని ఉంటుంది. మూత తీయకుండా ఎవరు ఏమి చెప్పినా నమ్మకండి.

ఈ గుర్తింపు ఎందుకింత ముఖ్యమో మరలు చెప్తాయి. ఆమాల్ మరలు ఇంగ్లండు కొలతలవి. మికునీ మరలు మెట్రిక్ కొలతలవి. ఒకదాని జెట్టు ఇంకోదానికి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. ఇంకాస్త బలం పెడితే పోతుంది అనుకుంటాం. నిజంగానే పోతుంది, కానీ పోయేది కార్బొరేటర్ మర. జెట్టు ఇత్తడి, కార్బొరేటర్ ఒళ్లు దానికంటే మెత్తటి జింకు లోహం. చేతివేళ్లతో తిరగని జెట్టును స్పానర్‌తో తిప్పకండి.

జెట్టు మీది అంకెలూ అన్నీ ఒకే భాష కావు. ఆమాల్ మెయిన్ జెట్టు మీది అంకె నిమిషానికి ఎన్ని సీసీల ద్రవం పోతుందో చెప్తుంది. మికునీలో ఆరు పలకల తల ఉన్న జెట్టుది ఒక లెక్క, గుండ్రటి తల జెట్టుది ఇంకో లెక్క. అంకె ఒకటే అయినా రెండూ సమానం కావు. అందుకే అంకెతోపాటు ఆకారం కూడా రాసుకోవాలి. అన్నిటికంటే ఉత్తమం, పాత జెట్టును చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి అంగడికి తీసుకుపోవడం.

మూడో మెట్టు: ఏ పార్టు పోయిందో తేల్చడం

‘బండి తాగుతోంది’ అనగానే అందరూ మెయిన్ జెట్టు మారుస్తారు. ఎందుకంటే అది సులభంగా దొరుకుతుంది, సులభంగా ఊడి వస్తుంది. కానీ మెయిన్ జెట్టు పని చేసేది యాక్సిలేటర్ ముప్పావు దాటాక మాత్రమే. పొలానికి, పాల కేంద్రానికి, సంతకు 40 వేగంతో పోయే మనిషి యాక్సిలేటర్‌ను అంత తిప్పేదెప్పుడు?

యాక్సిలేటర్ పిడి మీద తెల్లటి టేపు ముక్క అంటించి, సున్నా, పావు, అర, ముప్పావు గీతలు పెట్టండి. బండి నడుపుతూ ఏ గీత దగ్గర తేడా చేస్తోందో గమనించండి.

– సున్నా నుంచి పావులో సగం వరకు: పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. ఐడ్లింగ్ నిలవకపోతే ఇక్కడ చూడాలి.
– అక్కడి నుంచి పావు వరకు: యాక్సిలేటర్ తిప్పితే పైకి లేచే స్లైడు కింది అంచున కోసిన వంపు. వదిలి పట్టుకునేటప్పుడు దగ్గితే ఇక్కడ.
– పావు నుంచి ముప్పావు వరకు: నీడిల్, అది దిగే నీడిల్ జెట్టు. మైలేజీ పడిపోయేది ఎక్కువగా ఇక్కడే.
– ముప్పావు నుంచి చివరిదాకా: మెయిన్ జెట్టు.

నీడిల్ ఏళ్ల తరబడి పైకీ కిందికీ ఆడి నీడిల్ జెట్టు రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. కంటికి కనబడదు. వెలుతురుకు ఎదురుగా పట్టి భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. నీడిల్‌ను గోటి మీద మెల్లగా దొర్లించండి, అరిగినచోట చిన్న మెట్టు తగులుతుంది. ఈ రెండూ జతగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే కొత్తది కూడా తొందరగా చెడుతుంది.

మన ప్రాంతపు బళ్లకు ఇంకో శత్రువు దుమ్ము. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనులు, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం బూడిద, వీటి మధ్యనే మన రోడ్లు. ఎయిర్ ఫిల్టర్ తీసేసి నడిపిన బండిలో ఆ దుమ్ము స్లైడునూ అది జారే గోడలనూ ఆకురాయిలా రుద్దుతుంది. స్లైడును కార్బొరేటర్లో పెట్టి వేలితో ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. టకటక మని ఆడితే దాని పక్కలనుంచి గాలి దొంగతనంగా లోపలికి పోతోందని అర్థం. అప్పుడు ఏ జెట్టు మార్చినా ఐడ్లింగ్ కుదరదు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. పాత బండ్ల రబ్బరు వాషర్లు, ఓరింగులు, పెట్రోలు పైపు దీనికోసం తయారైనవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపిన బండి గిన్నెలో తెల్లటి పొట్టు, పచ్చటి చిలుము కడతాయి. నెలకు మించి బండి తీయరనుకుంటే కాక్ మూసి, గిన్నెలో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కొనకుండా తీరేవి

జెట్టు మూసుకుపోతే మార్చనక్కర్లేదు. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ అంగట్లో గాలి కొట్టిస్తే చాలు. స్టీలు తీగ, సూది, పిన్నీసు పెట్టి పొడవకండి. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా జెట్టు మీది అంకె అబద్ధమవుతుంది. మీకంటే ముందు ఎవరో పొడిచి ఉండే అవకాశం ఉంది కాబట్టి, అంకె సరిగ్గా ఉన్నా బండి నల్లపొగ వదులుతుంటే ఆ జెట్టును అనుమానించాల్సిందే.

ఇత్తడి ఫ్లోట్ మునిగిపోతుంటే చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల పెట్రోలు గలగలలాడితే చిల్లు పడిందని తెలుస్తుంది. వేడినీళ్లలో ముంచితే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలంతా పోయి, బుడగలు ఆగేవరకు ఉంచాలి. ఆవిరి మిగిలి ఉండగా మంట చూపితే పేలుతుంది. ప్రొద్దుటూరు బంగారు పనికి పేరున్న ఊరు. సన్నటి టంకానికి అక్కడ చేయి తిరిగినవాళ్లకు కొదవలేదు. కానీ బంగారానికి వాడే వేడి ఇక్కడ పనికిరాదు, తక్కువ వేడిలో కరిగే తగరమే వాడమనండి. చుక్క తగరం చాలు. ఎక్కువ పెడితే ఫ్లోట్ బరువెక్కి గిన్నెలో పెట్రోలు మట్టం పెరుగుతుంది, ఓవర్‌ఫ్లో అవుతుంది.

ఇంజనుకు ఆనుకునే కార్బొరేటర్ ఫ్లాంజి చాలా బళ్లలో వంగి ఉంటుంది. నట్లు అతిగా బిగించడమే కారణం. స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకు చూడండి. మధ్యలో వెలుగు కనబడితే అక్కడే గాలి దూరుతోంది. మందపాటి గాజుపలక మీద ఎమెరీ కాగితం పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా రుద్ది చదును చేయొచ్చు. కొత్త ప్యాకింగు వేసి రెండు నట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి.

నాలుగో మెట్టు: ఎక్కడ వెతకాలి

ముందు మీ ఊళ్లోనే మొదలుపెట్టండి. మూతపడబోతున్న పాత స్పేరు అంగళ్ల పైఅరల్లో, రిటైరైన మెకానిక్‌ల ఇనుప డబ్బాల్లో, గుజిరీ అంగళ్ల కుప్పల్లో అసలైన పార్టులు ఇంకా ఉన్నాయి. పెద్ద మెకానిక్ దగ్గరికి పోయేటప్పుడు పని లేని మధ్యాహ్నం పోండి. కార్బొరేటర్ చేతిలో పెట్టి, ‘ఇది ఏదన్నా?’ అని అడగండి. తెలుసన్నట్టు మాట్లాడే కుర్రాడికి ఆయన ఒక్క మాటతో సరిపెడతాడు. తెలియదని కూర్చున్నవాడికి గంటసేపు చెప్తాడు.

ఊళ్లో దొరక్కపోతే బండి పుట్టిన ఊరి దారి పట్టండి. ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో పార్టుల నిల్వ, తెలిసిన చేతులు ఎక్కువకాలం మిగులుతాయి. బుల్లెట్‌కు మద్రాసు. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టింది. చెన్నై పుదుపేట పాత పార్టులకు ఇప్పటికీ పెద్ద సంత. జావా, యెజ్డీలకు మైసూరు, బెంగళూరు. రాజ్‌దూత్‌కు ఢిల్లీ వైపు, ఎందుకంటే ఎస్కార్ట్స్‌ది ఫరీదాబాద్. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో బుల్లెట్ పార్టులూ దండిగా దొరుకుతాయి, నకళ్లు కూడా అంతే దండిగా. ఆమాల్‌కు మాత్రం ఇంగ్లండులో ఈనాటికీ కొత్త పార్టులు తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు.

ఈ లెక్కలో మనం అదృష్టవంతులం. ఎర్రగుంట్ల, ముద్దనూరు స్టేషన్లు ముంబై–చెన్నై రైలుదారి మీదే ఉన్నాయి. పులివెందుల నుంచి కదిరి మీదుగా బెంగళూరు దారి ఉంది. బుల్లెట్ పుట్టిల్లు ఒకవైపు, జావా పుట్టిల్లు ఇంకోవైపు, రెండూ మనకు రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి చేరే దూరంలోనే.

ఫోన్లో తెప్పించుకునేటట్టయితే డబ్బు పంపే ముందు నాలుగు ఫోటోలు అడగండి: పార్టు పై నుంచి, పక్క నుంచి, దాని మీది అంకె దగ్గరగా, స్కేలు పక్కన పెట్టి. మీ పాత పార్టు ఫోటో కూడా అట్లాగే పంపండి. సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారా అని ముందే తేల్చుకోండి. పార్సిలు ఆర్టీసీ కార్గోలో వస్తుంది. పాత పార్టుల సంతల్లో దొంగ సరుకు కూడా కలుస్తుంది కాబట్టి, ముఖ్యంగా నంబరున్న ఇంజను భాగాలకు, బిల్లు లేకుండా కొనకండి.

అసలు పార్టుకూ నకలుకూ తేడా చూడటానికి భూతద్దం చాలు. అసలు మికునీ జెట్టు మీద ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న చిన్న ముద్ర ఉంటుంది. అంకెలు పదునుగా ఉంటాయి. రంధ్రం అంచు నున్నగా, సరిగ్గా మధ్యలో ఉంటుంది. నకలులో అంకె ఒరిగి ఉంటుంది, రంధ్రం అంచున ఇత్తడి పొరక కనబడుతుంది. కొత్త ఫ్లోట్ పిన్ను వేశాక ఒక పరీక్ష చేయండి. పెట్రోలు వచ్చే గొట్టంలోకి నోటితో ఊదుతూ వేలితో ఫ్లోట్‌ను మెల్లగా పైకెత్తండి. గాలి పూర్తిగా ఆగాలి. వదిలితే మళ్లీ పోవాలి. ఆగకపోతే ఆ పిన్ను కొత్తదైనా పనికిరాదు. రోడ్డు మీద ఓవర్‌ఫ్లో అయ్యాక తెలుసుకోవడం కంటే అంగడి ముందే తెలుసుకోవడం మేలు.

చట్టం సంగతి

పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ఇంకో దారి ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. రోజువారీ పనులకు తిప్పకూడదు. ఫ్రేము, ఒళ్లు, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే ఇవాళ తొందరపడి ఫ్రేము కోయించినా, వేరే ఇంజను ఎక్కించినా ఆ అర్హత చేజారుతుంది.

ఈ ఆదివారం చేయవలసినవి

ఒక నోటుబుక్కు తీసుకోండి. మొదటి పేజీలో ఇంజను నంబరు, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్లు అంటించండి. రెండో పేజీలో అయస్కాంతం, గేర్‌బాక్సు, బోరు కొలత చెప్పిన సాక్ష్యం రాయండి. మూడో పేజీలో కార్బొరేటర్ పేరు, నంబరు, ఒక్కో జెట్టు మీది అంకె, దాని తల ఆకారం, నీడిల్ క్లిప్పు పైనుంచి ఎన్నో గాడిలో ఉందో, ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లు వెనక్కి ఉందో రాయండి. నాలుగో పేజీలో యాక్సిలేటర్ ఏ గీత దగ్గర బండి ఏం చేస్తోందో రాయండి. ఇకమీద ఎవరు ఏ పార్టు మార్చినా తేదీతో ఇందులోకి ఎక్కాలి. మెకానిక్‌ను ‘ఏ నంబరు వేసినావన్నా?’ అని అడగడానికి మొహమాటపడకండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. జెట్టు, నీడిల్ క్లిప్పు, ప్లగ్గు అన్నీ ఒకేసారి మారిస్తే బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, చెడినా ఎందుకు చెడిందో తెలియదు.

ఈ నాలుగు పేజీలు నిండేవరకు అంగడికి పోకండి. నిండాక చూస్తే, కొనాలనుకున్నవాటిలో చాలా వాటితో పనిలేదని తెలుస్తుంది. మిగిలిన ఒకటి రెండింటికి ఏం అడగాలో, ఎక్కడ అడగాలో కూడా తెలుస్తుంది. పాత బండి విషయంలో డబ్బున్నవాడికంటే ఆనవాళ్లు రాసిపెట్టుకున్నవాడిదే పైచేయి.